క్వాంటం కంప్యూటర్ అంటే వేగం పెంచిన కంప్యూటరేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: క్వాంటం కంప్యూటర్ అంటే అసలేంటి, ఆ పేరుకు అర్థమేంటి? 0, 1 రెండూ ఒకేసారి అవుతుంది కాబట్టి అన్ని సమాధానాలనూ ఒక్కసారే లెక్కేస్తుందంటున్నారు, నిజమేనా? బ్యాంకు లావాదేవీల భద్రతకు ముప్పుందా? అమరావతికి ఒకటి వస్తోందంటున్నారు, బీటెక్ మూడో సంవత్సరం సీఎస్ఈ చదువుతున్న మా అమ్మాయి ఇప్పుడే నేర్చుకోవడం మొదలుపెట్టాలా?

నేను పదేళ్ళకు పైగా సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ల (మామూలు కంప్యూటర్‌లో బిట్ ఎలాగో, క్వాంటం కంప్యూటర్‌లో క్యూబిట్ అలా) ల్యాబుల్లో పనిచేశాను, ఇప్పుడు ఇంజనీరింగ్ పిల్లలకు ఇదే పాఠం చెబుతున్నాను. ఇన్నేళ్ళలో నేను ఎక్కువసార్లు సరిదిద్దాల్సి వచ్చిన మాట మీ రెండో ప్రశ్నలోనే ఉంది. "అన్నీ ఒకేసారి లెక్కేస్తుంది" అని అక్కడితో ఆపేస్తే అది తప్పు. ఆ తప్పు తీరితే మిగతా ప్రశ్నలకు జవాబు సులువు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు పేరు సంగతి. క్వాంటం అన్నది లాటిన్ మాట, "ఎంత" అని అర్థం. 1900 డిసెంబరులో మాక్స్ ప్లాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త, వేడెక్కిన వస్తువు నుంచి వచ్చే వెలుగును లెక్కగట్టడానికి ఒక ఊహ చేశాడు: శక్తి ధారగా కాకుండా విడివిడి మోతాదులుగా వస్తుందని. పాలకీ గుడ్లకీ ఉన్న తేడా అనుకోండి. పాలు ఎంత కావాలంటే అంత కొలిచి పోయించుకోవచ్చు. గుడ్లు ఒకటో రెండో తీసుకోవాలి, ఒకటింపావు గుడ్డు ఏ కొట్టులోనూ అమ్మరు. శక్తి పాల లాంటిదని అప్పటిదాకా అందరూ అనుకున్నారు. అణువుల స్థాయికి వెళితే గుడ్ల లాంటిదని తేలింది. ఆ ఒక్కో మోతాదుకే క్వాంటం అని పేరు.

ఇక్కడ చాలామంది ఆగి అడిగే ప్రశ్న ఒకటుంది, అడగాల్సిందే కూడా. మన ల్యాప్‌టాప్‌లో ట్రాన్సిస్టర్ కూడా క్వాంటం సూత్రాల మీదే పనిచేస్తుంది కదా, మరి దాన్ని క్వాంటం కంప్యూటర్ అని ఎందుకు అనం? ఎందుకంటే ట్రాన్సిస్టర్ తయారీలో క్వాంటం ఉంది గానీ, అది దాచుకునే సమాచారంలో లేదు. ఎన్నో ఎలక్ట్రాన్లు కలిసి "కరెంటు ఉంది, లేదు" అని తేల్చి చెబుతాయి. అది 1 గానీ 0 గానీ అవుతుంది. క్వాంటం కంప్యూటర్‌లో అలా కాదు, సమాచారమే క్వాంటం సూత్రాలకు లోబడి ఉంటుంది. పేరులోని క్వాంటం చెప్పేది యంత్రం దేనితో చేశారన్నది కాదు, లెక్క ఏ సూత్రాల మీద జరుగుతుందన్నది.

ఈ ఆలోచన ఎందుకు పుట్టిందో తెలిస్తే సగం అర్థమైనట్టే. 1981లో అమెరికాలో ఎంఐటీ ఏర్పాటు చేసిన ఒక సదస్సులో రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక ఇబ్బందిని ముందుపెట్టాడు. ప్రకృతి క్వాంటం సూత్రాలతో నడుస్తోంది, దాన్ని మామూలు కంప్యూటర్‌లో అనుకరించబోతే లెక్క చేయి దాటిపోతోంది. ఎంతగా దాటిపోతుందో చూడండి. 30 క్వాంటం కణాలు, ఒక్కోదానికి రెండే స్థితులు అనుకుందాం. వాటి పరిస్థితిని పూర్తిగా రాసిపెట్టుకోవాలంటే 2ని 30 సార్లు గుణించినన్ని, అంటే 107 కోట్లకు పైగా సంఖ్యలు కావాలి. దానికి 17 జీబీ మెమరీ సరిపోతుంది, మంచి ల్యాప్‌టాప్‌లో పడుతుంది. 40 కణాలైతే 17 టీబీ దాటుతుంది. 50 అయితే 18,000 టీబీ. 300 కణాలైతే, మనకు కనిపించే విశ్వంలో ఉన్న పరమాణువులన్నీ కలిపినా ఆ సంఖ్యలు రాసుకోవడానికి చాలవు. ఒక చిన్న మందు బిళ్ళలోని అణువులో ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకుంటాయో లెక్కగట్టడం రసాయన శాస్త్రవేత్తలకు అందుకే అంత కష్టం. ప్రకృతి క్వాంటం అయితే, దాన్ని అనుకరించే యంత్రం కూడా క్వాంటమే కావాలి అన్నాడు ఫైన్‌మన్. 1985లో ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ డాయిచ్ దానికి గణితరూపం ఇచ్చాడు. క్యూబిట్ అన్న మాట ఆ తర్వాత పదేళ్ళకు, 1995లో, బెంజమిన్ షూమాకర్ పెట్టింది.

ఇప్పుడు క్యూబిట్. టీవీల్లోనూ యూట్యూబ్‌లోనూ గాల్లో గిర్రున తిరిగే రూపాయి బిళ్ళను చూపిస్తారు, బొమ్మా బొరుసూ రెండూనట. ఆ పోలిక నేను క్లాసులో వాడను. గాల్లో తిరిగే బిళ్ళలో ఉన్నది మనకు తెలియకపోవడం మాత్రమే. క్యూబిట్‌లో అంతకు మించినది ఒకటుంది, గుర్తు, అంటే ప్లస్సూ మైనస్సూ.

క్యూబిట్‌కు రెండు సంఖ్యలుంటాయి, 0 వైపు ఒకటి, 1 వైపు ఒకటి. వీటిని ఆంప్లిట్యూడ్‌లు అంటాం. ఇంటర్ ఫిజిక్స్ తెలుగు మీడియంలో కంపన పరిమితి అని చదువుకున్నామే, దానికి దగ్గరి చుట్టం. కొలిచినప్పుడు ఏది రావడానికి ఎంత అవకాశమో తెలియాలంటే ఆ సంఖ్యను వర్గం చేయాలి. అవకాశం ఎప్పుడూ మైనస్‌లో ఉండదు. ఆంప్లిట్యూడ్ మాత్రం మైనస్‌లో ఉండొచ్చు. (నిజానికి సంకీర్ణ సంఖ్య కూడా కావచ్చు, ఇక్కడికి ప్లస్సూ మైనస్సూ చాలు.) క్వాంటం కంప్యూటింగ్ అంతా ఈ మైనస్ గుర్తు మీదే నిలబడి ఉంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. క్యూబిట్ స్థితిని మార్చే ఒక్కో చిన్న పనిని గేట్ అంటాం. వాటిలో హడమార్డ్ గేట్ అని ఒకటుంది. 0లో ఉన్న క్యూబిట్‌ను దానిలోంచి పంపితే రెండు వైపులా సమానంగా, +0.707, +0.707 అవుతుంది. రెండింటి వర్గమూ సగమే. ఇప్పుడు కొలిస్తే సగం సార్లు 0, సగం సార్లు 1 వస్తుంది. ఇంతవరకూ బొమ్మా బొరుసుకు తేడా లేదు. కొలవకుండా మళ్ళీ అదే గేట్‌లోంచి పంపండి. 0 వైపుకు రెండు దారుల్లోంచి చేరేవి +½, +½. కలిపితే 1. 1 వైపుకు చేరేవి +½, −½. కలిపితే సున్నా. అంటే ఈసారి కొలిస్తే ప్రతిసారీ 0 వస్తుంది. నూటికి నూరుసార్లు. బిళ్ళను రెండోసారి ఎగరేస్తే అది మళ్ళీ ఖచ్చితంగా బొమ్మే పడుతుందా? పడదు. మధ్యలో ఒక్కసారి తొంగిచూసి కొలిచారా, ఆ మ్యాజిక్ పోయి మళ్ళీ సగం సగం అవుతుంది.

రెండు దారులు కలిసినచోట ఒకటి బలపడటం, ఇంకొకటి రద్దుకావడం. ఇంటర్‌లో యంగ్ జంట చీలికల ప్రయోగంలో చదివిన వ్యతికరణం ఇదే. చెరువులో రెండు రాళ్ళు వేసినప్పుడు అలలు కలిసిన కొన్ని చోట్ల నీళ్ళు ఎగసి, కొన్ని చోట్ల కదలకుండా ఉండిపోతాయే, అదే.

ఇక మీ రెండో ప్రశ్నకు జవాబు. 50 క్యూబిట్లను హడమార్డ్ గేట్లలోంచి పంపితే అన్ని లక్షల కోట్ల సంఖ్యలూ ఒకేసారి అందులో ఉంటాయన్నది నిజమే. కానీ కొలిస్తే చేతికొచ్చేది వాటిలో ఏదో ఒకటి, గుడ్డిగా. దానికి క్వాంటం కంప్యూటర్ ఎందుకు, చీటీలు తీసినా వస్తుంది. క్వాంటం ప్రోగ్రామ్ రాయడమంటే, కొలిచేలోపు తప్పుడు సమాధానాల ఆంప్లిట్యూడ్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, సరైనది మాత్రం మిగిలేలా ఏర్పాటు చేయడం.

ఇది మాటల్లో కంటే ఒక ఉదాహరణలో బాగా కనిపిస్తుంది. బోర్డు మీద నేను ప్రతి బ్యాచ్‌కూ వేసేది ఇదే. నాలుగు తాళంచెవులున్నాయి, 00, 01, 10, 11 అని పేర్లు. ఒక్కటే తాళం తీస్తుంది, అది 10 అనుకోండి. మనకు తెలియదు. చెవి సరైనదా కాదా అని చూసే సర్క్యూట్ మాత్రం ఉంది. మామూలు కంప్యూటర్ ఒక్కో చెవీ పెట్టి చూడాలి, మూడుసార్ల దాకా పట్టొచ్చు. రెండు క్యూబిట్లతో ఏం చేస్తామంటే:

మొదట నాలుగింటికీ సమానంగా +½ ఇస్తాం. తర్వాత ఆ సర్క్యూట్‌ను ఒక్కసారి నడుపుతాం. అది సరైన చెవి గుర్తును తిప్పుతుంది: ½, ½, −½, ½. ఇప్పుడే కొలిస్తే లాభం లేదు, వర్గం చేస్తే నాలుగూ పావే. జవాబు లోపల ఉంది గానీ గుర్తు రూపంలో దాక్కుని ఉంది. మూడో మెట్టు, సగటు దగ్గర అద్దం పెట్టినట్టు ప్రతిదాన్నీ అటువైపుకు తిప్పడం. నాలుగింటి సగటు ¼. ½ అన్నది సగటుకు పావు పైన ఉంది, అద్దంలో పావు కిందికి వెళ్తుంది, అంటే 0. −½ అన్నది సగటుకు ముప్పావు కింద ఉంది, ముప్పావు పైకి వెళ్తుంది, అంటే 1. ఇప్పుడు ఆంప్లిట్యూడ్‌లు 0, 0, 1, 0. కొలవండి, ప్రతిసారీ 10 వస్తుంది. సర్క్యూట్‌ను ఒక్కసారే నడిపాం.

దీన్ని 1996లో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది లవ్ గ్రోవర్, మన ఐఐటీ ఢిల్లీలో చదివినవాడు. కోటి పేర్లలో ఒకటి వెతకాలంటే మామూలుగా సగటున 50 లక్షలసార్లు చూడాలి. ఈ పద్ధతిలో దాదాపు 2,500 సార్లు చాలు. ఇంకో ముచ్చట, ఆ 2,500 దగ్గర ఆపకుండా ఇంకా నడిపితే జవాబు మెరుగుపడకపోగా మళ్ళీ వెనక్కి జారిపోతుంది. అరిసెల పాకం లాంటిది, సమయం చూసి దించాలి.

చిక్కుముడి, అంటే ఎంటాంగిల్‌మెంట్ గురించి మీరు అడగలేదు గానీ అది లేకుండా ఈ కథ పూర్తికాదు. రెండు క్యూబిట్లను కలిపి ఒకే స్థితిలో ఉంచితే, విడిగా దేనికీ తనదంటూ స్థితి ఉండదు, జంటకు మాత్రమే ఉంటుంది. దీన్ని చెప్పుల జతతో పోల్చేవాళ్ళున్నారు: ఒక పెట్టెలో ఎడమ చెప్పు కనబడితే రెండోదాంట్లో కుడిదని తెలిసిపోతుందని. చెప్పులు ముందే ఎడమా కుడీగా ఉన్నాయి, క్యూబిట్లు అలా లేవు. తేడా కొలవడానికి ఒక ఆట ఉంది. ఇద్దరు ఆటగాళ్ళు ముందే ఎంత మాట్లాడుకుని వెళ్ళినా, ఆట మధ్యలో మాట్లాడుకోకుండా ఉంటే నూటికి 75 సార్లకు మించి గెలవలేరు. చిక్కుపడ్డ క్యూబిట్లు చెరొకటి తీసుకెళితే 85 దాటి గెలుస్తారు. ఈ రకం ప్రయోగాలకే 2022లో ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు నోబెల్ వచ్చింది. ఫైన్‌మన్ చెప్పిన ఆ లక్షల కోట్ల సంఖ్యలు పుట్టేది ఈ చిక్కుముళ్ళలోంచే.

అయితే అన్ని సమస్యల్లోనూ తప్పుడు దారులు ఇలా చక్కగా రద్దుకావు. లోపల ఏదో ఒక క్రమం ఉండాలి. అందుకే క్వాంటం కంప్యూటర్ వస్తే మీ ఎక్సెల్ షీట్ వేగంగా తెరుచుకోదు, సినిమా త్వరగా డౌన్‌లోడ్ కాదు. అణువులు, పదార్థాల అనుకరణ, కొన్ని రకాల గణిత సమస్యలు, గ్రోవర్ లాంటి వెతుకులాటలు, ఇవీ దీని రంగం. ల్యాప్‌టాప్‌కు ప్రత్యామ్నాయం కాదు. ఆస్పత్రిలో ఎమ్మారై యంత్రం లాంటిది, అవసరమైనవాళ్ళు వెళ్ళి వాడుకుంటారు.

యంత్రం ఎలా ఉంటుందో నేను పనిచేసిన రకం గురించి చెబుతాను. సిలికాన్ మీద అల్యూమినియంతో చేసిన చిన్న సర్క్యూట్, మధ్యలో సన్నటి పొర ఉన్న జోసెఫ్‌సన్ సంధి అనే అతుకు. ఇది అణువు కాదు, మైక్రోస్కోపులో స్పష్టంగా కనిపించేంత పెద్ద విద్యుత్ సర్క్యూట్. అంత పెద్దది కూడా క్వాంటంలా ప్రవర్తిస్తుందని 1984, 85ల్లో బర్క్‌లీలో చూపించిన జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్‌లకు 2025 నోబెల్ దక్కింది. ఈ సర్క్యూట్ దాదాపు 5 గిగాహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఆ పలుకు వినబడాలంటే చుట్టూ వేడి పావు కెల్విన్ (సున్నా కెల్విన్ అంటే −273 డిగ్రీల సెల్సియస్, అంతకంటే చల్లదనం లేదు) కంటే చాలా తక్కువుండాలి, లేదంటే వేడే దాన్ని కదిపేస్తుంది. కాబట్టి 0.01 కెల్విన్‌కు దించుతాం. నక్షత్రాల మధ్య శూన్యం 2.7 కెల్విన్, దానికంటే 200 రెట్లకు పైగా చల్లన.

అంత చల్లబరిచే ఫ్రిజ్ తలకిందులుగా వేలాడదీసిన ఇత్తడి దీపస్తంభంలా ఉంటుంది. పైనుంచి కిందికి బంగారు పూత పూసిన పళ్ళేలు, ఒక్కో పళ్ళెం ముందుదానికంటే చల్లన. హీలియం-3, హీలియం-4 కలిపి తిప్పితే వచ్చే చల్లదనం అది. పంపు కీచుమని, ఆగి, మళ్ళీ కీచుమంటూ రాత్రీ పగలూ మోగుతూనే ఉంటుంది. పైనుంచి పంపే సిగ్నల్‌తో పాటు గది వేడి కూడా కేబుల్లో దిగిపోతుంది కాబట్టి, ప్రతి అంతస్తులో సిగ్నల్‌ను తగ్గిస్తూ వస్తాం. చివరికి క్యూబిట్ చేరేది పంపిన శక్తిలో 10 లక్షల్లో ఒక వంతు. ఒకసారి రెండు రోజులు చల్లార్చాక ఒక క్యూబిట్ అసలు పలకలేదు. మళ్ళీ మొత్తం వేడెక్కించి, తెరిచి చూస్తే, కింది పళ్ళెం దగ్గర ఒక కనెక్టర్ చలికి కుంచించుకుపోయి వదులైంది. రెంచితో పావు చుట్టు బిగించాను. ఆ పావు చుట్టుకు ఒక వారం పోయింది. ఈ రంగం ఎందుకు మెల్లగా నడుస్తుందని ఎవరు అడిగినా నాకు ఆ కనెక్టరే గుర్తొస్తుంది. అన్నట్టు, అందరూ ఈ దారిలో లేరు. లేజర్లతో పట్టి ఉంచిన అయాన్లు, విడి పరమాణువులు, కాంతి కణాలతో కూడా క్యూబిట్లు చేస్తున్నారు, వాటి తిప్పలు వాటివి.

అసలు శత్రువు తప్పులు. మంచి యంత్రాల్లో కూడా రెండు క్యూబిట్లను కలిపే ప్రతి వెయ్యి పనుల్లో ఒకటో రెండో మూడో చెడతాయి. ఉపయోగపడే లెక్కకు కోట్ల పనులు కావాలి. మామూలు కంప్యూటర్‌లో అయితే మూడు నకళ్ళు తీసి మెజారిటీ చూసుకోవచ్చు. తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం అసాధ్యమని 1982లోనే నిరూపించారు. అయినా దారి దొరికింది. ఒక క్యూబిట్ సమాచారాన్ని అనేక క్యూబిట్ల మధ్య చిక్కుముడిగా పరిచి, సమాచారాన్ని ముట్టకుండా తప్పు ఎక్కడ జరిగిందో మాత్రమే కొలవవచ్చని 1995లో పీటర్ షోర్ అనే అమెరికన్ గణిత శాస్త్రవేత్త చూపించాడు. సమస్యేంటంటే, తప్పులు ఒక స్థాయి కంటే ఎక్కువుంటే క్యూబిట్లు చేర్చేకొద్దీ పరిస్థితి ఇంకా చెడుతుంది. 2024 డిసెంబరులో గూగుల్ 105 క్యూబిట్ల విల్లో చిప్‌తో ఆ గీత దాటినట్టు చూపింది. 3×3 క్యూబిట్ల గడి నుంచి 5×5కి, అక్కడినుంచి 7×7కి పెంచిన ప్రతిసారీ తప్పు సగానికి పైగా తగ్గింది. 2019లో అదే సంస్థ 53 క్యూబిట్లతో 200 సెకన్లలో చేసిన లెక్కకు సూపర్ కంప్యూటర్‌కు 10,000 ఏళ్ళు పడుతుందని ప్రకటించినప్పుడు, రెండున్నర రోజులు చాలని ఐబీఎం అభ్యంతరం చెప్పింది. ఆ గొడవ పేపర్లకెక్కింది. నా దృష్టిలో 2024 ఫలితమే అంతకంటే ఎంతో పెద్దది, ఎందుకంటే అది పెద్ద యంత్రం కట్టడం సాధ్యమన్న ఆశకు పునాది.

భద్రత సంగతి. 1994లో ఆ పీటర్ షోరే, పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టే క్వాంటం పద్ధతి కనిపెట్టాడు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలిక, లబ్ధాన్నిచ్చి వెనక్కి విడగొట్టమంటే కష్టం. ఇంటర్నెట్ తాళాల్లో, అంటే సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఎన్‌క్రిప్షన్ పద్ధతుల్లో, చాలావాటికి ఆధారం ఇదే, మామూలుగా వాడేది 617 అంకెల సంఖ్య. దాన్ని పగలగొట్టడానికి 2 కోట్ల క్యూబిట్లు, 8 గంటలు కావాలని 2019లో అంచనా. 2025 మేలో గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ, 10 లక్షల లోపు క్యూబిట్లతో వారం లోపు సాధ్యమని లెక్కగట్టాడు. ఇవాళ్టి యంత్రాలు వందల్లో, మహా అయితే వెయ్యి చిల్లరలో ఉన్నాయి. అంటే రేపే కాదు. కానీ ఇవాళ దొంగిలించి దాచుకున్న రహస్యాన్ని పదిహేనేళ్ళ తర్వాత తెరవొచ్చు. వైద్య రికార్డులకూ దేశ రహస్యాలకూ అది నిజమైన ముప్పు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో క్వాంటం తట్టుకునే కొత్త తాళాలకు మూడు ప్రమాణాలు ఖరారు చేసింది. సిగ్నల్, ఐమెసేజ్ లాంటివి ఇప్పటికే మారడం మొదలుపెట్టాయి. మీ వంతుగా చేయాల్సింది ఫోన్, యాప్‌ల అప్‌డేట్లు వాయిదా వేయకపోవడమే. ఈ కొత్త తాళాలు వేయడానికి క్వాంటం కంప్యూటర్ అక్కర్లేదు, మామూలు ఫోనులోనే నడుస్తాయి.

అమరావతి గురించి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ కలిసి అమరావతి క్వాంటం వ్యాలీ టెక్ పార్క్‌లో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న ఐబీఎం క్వాంటం సిస్టమ్ టూ అనే క్వాంటం కంప్యూటర్ పెడతామని 2025 మేలో ప్రకటించాయి. దేశం మొత్తానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్ ఉంది, 6,003.65 కోట్ల రూపాయలు, 2030-31 దాకా. 156 క్యూబిట్లతో ఎవరి తాళమూ పగలదు, మందులూ కనిపెట్టలేరు. కానీ పిల్లలు నేర్చుకోవడానికీ, పరిశోధకులు ప్రయోగాలు చేసుకోవడానికీ మన దగ్గర యంత్రం ఉండటం మంచి విషయమే, నేను మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాను. ఒక్కటి గమనించండి, ఐబీఎం 2016 నుంచే తన యంత్రాలను ఇంటర్నెట్ ద్వారా ఎవరినైనా వాడుకోనిస్తోంది. నేర్చుకోవడానికి అమరావతి దాకా ఆగాల్సిన పనిలేదు.

మీ అమ్మాయి విషయంలో నా మాట: కోర్సు కొనిపించకండి. ముందు ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలు మళ్ళీ తీయమనండి, మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, సంభావ్యత. ఆ మూడు అధ్యాయాల మీద పట్టు లేకుండా క్వాంటం సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరికొచ్చిన పిల్లలు హడమార్డ్ గేట్‌ను రెండుసార్లు ఎందుకు వేస్తామో చెప్పలేకపోయారు, చూసి బాధేసింది. పైథాన్ ఎలాగూ వచ్చుంటుంది, క్వాంటం ప్రోగ్రాములు రాయడానికి ఐబీఎం ఇచ్చే కిస్‌కిట్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఎల్‌లో మంచి పాఠాలున్నాయి, అవీ ఉచితమే. భద్రత వైపు ఆసక్తి ఉంటే, పాత తాళాలను కొత్త ప్రమాణాలకు మార్చే పని బ్యాంకుల్లో, ఐటీ కంపెనీల్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఉద్యోగం దృష్టితో చూస్తే అదే దగ్గరి దారి అని నా అంచనా.

మొదటి పనిగా పైన చెప్పిన నాలుగు తాళంచెవుల సర్క్యూట్‌నే రాయమనండి. ఇరవై లైన్లు దాటదు. ముందు సిమ్యులేటర్ (మామూలు కంప్యూటర్‌లోనే నడిచే అనుకరణ) మీద వెయ్యిసార్లు నడిపితే వెయ్యిసార్లూ 10 వస్తుంది. తర్వాత అదే సర్క్యూట్‌ను అసలు యంత్రానికి పంపమనండి. ఎక్కువసార్లు 10 వస్తుంది, మధ్యలో కొన్ని 00లు, 01లు, 11లు కూడా వస్తాయి. అవి ఎందుకు వచ్చాయో ఒక పేజీ రాసి పంపితే చదివి జవాబిస్తాను.